ఫిట్స్ ఉన్నవారికి ఫోన్, వారానికోసారి పలకరించే మనిషి: ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి

పొద్దున్నే ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో బస్సెక్కి, కర్నూలు పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకుని, వరుసలో కూర్చుని, నరాల డాక్టరు ముందుకు చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. ఆయన అడిగేవి నాలుగే ప్రశ్నలు. పోయినసారి వచ్చి వెళ్ళాక ఫిట్స్ ఎన్నిసార్లు వచ్చాయి? ఒక్కోసారి ఎంతసేపు ఉన్నాయి? మాత్రలు ఎప్పుడైనా తప్పాయా? వచ్చేముందు ఏమైనా తేడా తెలుస్తోందా? అమ్మ "రెండుసార్లు" అంటుంది. భార్య "కాదు సార్, నాలుగు" అంటుంది. ఫిట్స్ వచ్చిన మనిషికి ఏమీ గుర్తుండదు, ఆ సమయంలో తెలివి ఉండదు కాబట్టి. మందు పెంచాలా, మార్చాలా, అలాగే ఉంచాలా అన్నది ఈ అంచనా లెక్కల మీదే తేల్చాల్సి వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి మూర్ఛ, అంటే పదే పదే ఫిట్స్ వచ్చే జబ్బు, ఉంది. సరిగ్గా గుర్తించి సరైన వైద్యం చేస్తే వారిలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని కూడా ఆ సంస్థే చెబుతోంది. మంచి మందు రాసిచ్చినా ఆ 70 శాతంలో చేరకుండా మనిషిని వెనక్కి లాగేవి మామూలు విషయాలే: మాత్ర తప్పడం, నిద్ర తప్పడం, డాక్టరుకు సరైన వివరం అందకపోవడం. ఈ మూడింటికీ చేతిలోని ఫోన్ బాగా పనికొస్తుంది. కానీ ఫోన్‌లో అలారం పెట్టేసి ఊరుకుంటే, కొన్నాళ్ళకు అది మోగుతుంటుంది, మనిషి చూడకుండానే ఆపేస్తుంటాడు. "ఈ వారం ఎట్లా గడిచింది?" అని అడిగే మనిషి ఉంటేనే అలారానికి విలువ. ఈ వ్యాసంలో నేను పదే పదే చెప్పబోయేది ఇదే.

అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2007లో, మూర్ఛతో బతకడాన్ని సులువు చేసే కార్యక్రమాల కోసం 'మేనేజింగ్ ఎపిలెప్సీ వెల్' అనే నెట్‌వర్క్ మొదలుపెట్టింది. అందులో ఒకటైన హాబ్‌స్కాచ్ కార్యక్రమంలో కోచ్ ఫోన్‌లో మాట్లాడుతూ మతిమరుపుతో ఎలా నెగ్గుకురావాలో, ఒక సమస్యను ముక్కలు చేసి ఎలా చూడాలో నేర్పుతారు. అప్‌లిఫ్ట్ అనే ఇంకో కార్యక్రమం ఫోన్ ద్వారానే దిగులు తగ్గించుకునే పద్ధతులు చెబుతుంది. జీతం తీసుకుని ఇట్లా చేసే కోచ్‌లు మన ఊళ్ళలో దొరకరు. కానీ ఆ పనికి మూలం వారం వారం ఒకే మనిషి, ఒకే తీరుగా, ఓపికగా అడగడం. దానికి మన ఇంటి మనిషి చాలు.

ఇది చదువుతున్నది ఫిట్స్ ఉన్న మనిషే కావచ్చు, వాళ్ళ అక్కో అన్నో కావచ్చు. ఇద్దరికీ కలిపే రాస్తున్నాను.

1. ముందు తోడు మనిషిని ఎంచుకోండి

ఫోన్ ముట్టుకునే ముందు చేయాల్సిన పని ఇది. ఇంట్లో అందరికంటే ఎక్కువ భయపడేవాళ్ళను ఎంచుకోకండి. ఫిట్స్ అనగానే కన్నీళ్ళు పెట్టుకునే అమ్మకు "మాత్ర తప్పింది" అని నిజం చెప్పడానికి కొడుక్కి నోరు రాదు. మాటకు ముందు కసురుకునే నాన్న కూడా ఈ పనికి సరిపోడు. పెళ్ళై పక్క ఊళ్ళో ఉన్న అక్క, బెంగళూరులో ఉద్యోగం చేసే చిన్నాయన కొడుకు, చిన్నప్పటి స్నేహితుడు, ఊళ్ళో నమ్మకమైన ఆశా అక్క, వీళ్ళలో ఎవరైనా పర్వాలేదు. దూరంలో ఉన్నా ఫోన్ ఎత్తితే చాలు. ఎవరు కావాలో ఫిట్స్ ఉన్న మనిషే చెప్పాలి, ఇంట్లోవాళ్ళు నిర్ణయించకూడదు.

ఇద్దరూ కలిసి ఒక వారం, ఒక సమయం ఖాయం చేసుకోండి. ఆదివారం సాయంత్రం ఆరున్నర అనుకుంటే ప్రతి ఆదివారమూ అదే. పావుగంట చాలు. తోడు మనిషి డాక్టరు కాదన్నది ఇద్దరికీ స్పష్టంగా ఉండాలి. "ఆ మాత్ర సగం వేసుకో", "ఈ మాత్ర మానెయ్" అనే మాట ఆ నోట రాకూడదు.

2. ఫోన్ లాక్ తెరవకుండానే వివరాలు కనబడేలా చేయండి

ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి 'సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ' అని వెతకండి. అందులో మెడికల్ వివరాలు, అత్యవసర నంబర్లు నింపే చోటు ఉంటుంది. ఐఫోన్‌లో అయితే హెల్త్ యాప్‌లో మెడికల్ ఐడీ. "మూర్ఛ ఉంది. వాడే మందు ఇది, మోతాదు ఇంత. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాలు దాటితే 108" అని తెలుగులో రాసి పెట్టండి. లాక్ తీయకుండా చూడగలిగేలా సెట్టింగ్ ఆన్ చేయండి. తర్వాత ఫోన్ లాక్ చేసి, ఎమర్జెన్సీ అన్న చోట నొక్కి, కనబడుతోందో లేదో మీరే చూసుకోండి. బస్టాండులో పడిపోతే జనానికి దారి చూపించేది ఈ నాలుగు ముక్కలే.

3. మాత్రల అలారం

ఫిట్స్‌కు వాడే లెవెటిరాసిటామ్ లాంటి మందు రక్తంలో ఆరు నుంచి ఎనిమిది గంటల్లో సగానికి తగ్గిపోతుంది. రోజుకు రెండుసార్లు, పన్నెండు గంటల ఎడంతో వేసుకోమని డాక్టర్లు చెప్పేది అందుకే. పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది అనుకోండి. ఫోన్‌తో వచ్చిన గడియారం యాప్‌లోనే రెండు అలారాలు పెట్టండి, ప్రతిరోజూ మోగేలా. మామూలు రింగుటోన్ వద్దు, దీనికోసమే వేరే శబ్దం పెట్టండి. అలారం పేరు దగ్గర మందు పేరు, మోతాదు రాయండి.

మెడిసేఫ్ లాంటి ప్రత్యేక యాప్‌లు కూడా ఉన్నాయి. వేసుకున్నారా లేదా అని నొక్కితే రికార్డు ఉంచుతాయి. వాటిని వాడేటట్లయితే ఒక జాగ్రత్త. చాలా ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి వెనకాల నడిచే యాప్‌లను తామే ఆపేస్తాయి. అలారం రావాల్సిన సమయానికి రాదు. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు వెతికి, బ్యాటరీ అన్న చోట ఆంక్షలు తీసేయండి. ఇదంతా గందరగోళం అనిపిస్తే గడియారం యాప్ చాలు. కీప్యాడ్ ఫోన్ ఉన్నా అలారం మోగుతుంది. ఫోన్ స్విచ్ ఆఫ్ అయితే మాత్రం చాలా ఫోన్లలో ఏదీ పనిచేయదు కాబట్టి, పడుకునే ముందు చార్జింగ్ పెట్టడం కూడా ఈ వైద్యంలో భాగమే.

మాత్ర తప్పితే ఏం చేయాలో ముందే డాక్టరును అడిగి రాసుకోండి. మామూలుగా గుర్తొచ్చిన వెంటనే వేసుకోమంటారు. తర్వాతి మాత్ర సమయం దగ్గరపడితే ఏం చేయాలన్నది మందును బట్టి మారుతుంది. తప్పినదానికి పరిహారంగా రెండు మోతాదులు ఒకేసారి మింగకూడదు.

ఇంకో అలారం కూడా కావాలి, చాలామంది పెట్టుకోరు. మాత్రలు అయిపోవడానికి పదిరోజుల ముందు మోగేది. కోసిగి, మంత్రాలయం వైపునుంచి కుటుంబాలు సుగ్గికి గుంటూరు మిరప కోతలకు వెళ్తుంటాయి. తెలియని ఊళ్ళో చీటీ లేకుండా మెడికల్ షాపుకు వెళ్తే అదే మందు, అదే మోతాదు దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఎన్నాళ్ళు ఉంటారో అన్నాళ్ళకూ సరిపడా, ఇంకో వారానికి అదనంగా మాత్రలు కట్టుకుని వెళ్ళండి. మందుల చీటీని, మాత్రల షీటును రెండువైపులా ఫొటో తీసి ఫోన్‌లో ఉంచండి. షాపులో వేరే కంపెనీ మాత్ర ఇస్తే ఆ ఫొటో చూపించి అడగొచ్చు. డాక్టరుకు చెప్పకుండా కంపెనీ మార్చకపోవడమే మంచిది.

4. డైరీ: ఇంగ్లీషు యాప్ కంటే వాట్సాప్ నయం

ఫిట్స్ రాసుకోవడానికి ఎప్సీ, సీజర్ ట్రాకర్ లాంటి యాప్‌లు ఉన్నాయి. ఇంగ్లీషు ధారాళంగా చదివే పిల్లలకు అవి బాగుంటాయి. మన ఇళ్ళలో ఎక్కువమందికి వాట్సాప్ గ్రూపే సులువు. ముగ్గురితో ఒక గ్రూపు చేయండి: ఫిట్స్ ఉన్న మనిషి, ఇంట్లో పక్కన ఉండేవారు, తోడు మనిషి. నాలుగోవారు వద్దు. ఫిట్స్ వచ్చి తగ్గగానే చూసినవాళ్ళు అందులో వాయిస్ మెసేజ్ పెట్టాలి. తేదీ, సమయం దానంతట అదే పడుతుంది. మర్నాడు తీరికగా ఉన్నప్పుడు తోడు మనిషి దాన్ని విని, రాతలో పెట్టాలి.

రాత ఎలా ఉండాలంటే, ఇదిగో ఇలా:

"14వ తేదీ, రాత్రి 2.10. నిద్రలో వచ్చింది. మొదట కుడిచెయ్యి కొట్టుకుంది, తర్వాత ఒళ్ళంతా. 1 నిమిషం 40 సెకన్లు. నాలుక పక్కన కరుచుకున్నాడు. మూత్రం పోలేదు. తర్వాత అరగంట మత్తుగా ఉన్నాడు, పేరు పిలిస్తే పలకలేదు. ముందురోజు పెళ్ళి, పన్నెండున్నరకు పడుకున్నాడు. రాత్రి మాత్ర వేసుకున్నాడు, రెండు గంటలు ఆలస్యంగా."

దీంట్లో ఒక్క ముక్క కూడా వృథా కాదు. మొదట కుడిచెయ్యి అన్నది డాక్టరుకు చాలా పెద్ద సంగతి. ఫిట్స్ మెదడులో ఒకచోట మొదలై పాకుతోందని, ఆ చోటు ఎడమవైపు ఉండొచ్చని అది చెబుతుంది. మందు ఎంపిక దాని మీద ఆధారపడొచ్చు. ఆలస్యంగా పడుకోవడం, ఆలస్యంగా మాత్ర వేసుకోవడం రెండూ ఒకే రాత్రి జరిగాయని కూడా తెలుస్తోంది. "ఒకసారి వచ్చింది సార్" అనే మాటలో ఇవేవీ ఉండవు.

పెద్దగా కొట్టుకునేవే రాయాలనుకోకండి. కాసేపు శూన్యంలోకి చూసి ఉండిపోవడం, నోరు చప్పరించడం, చొక్కా గుండీలు ఊరికే తడమడం, పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడి గ్లాసు జారిపోవడం, ఇవి కూడా ఫిట్సే కావచ్చు. మాత్రలు మొదలుపెట్టాక వచ్చిన మార్పులు కూడా రాయండి. లెవెటిరాసిటామ్‌తో కొందరికి చిరాకు, కోపం పెరుగుతాయి. ఇంట్లో "వీడికి పొగరు పెరిగింది" అనుకుంటారు, మందు వల్ల అని ఎవరికీ తట్టదు. వాల్‌ప్రోయేట్‌తో బరువు పెరగడం, జుట్టు రాలడం, చేతులు వణకడం. ఫెనిటోయిన్‌తో చిగుళ్ళు వాయడం, నడకలో తూలడం జరగొచ్చు. కార్బమజెపిన్ మొదలుపెట్టిన తొలి వారాల్లో ఒంటిమీద దద్దుర్లు వస్తే డైరీతో సరిపెట్టకండి, అదేరోజు డాక్టరును కలవండి.

5. వీడియో, అంతకంటే ముందు ప్రథమ చికిత్స

ఫిట్స్ మొదలవగానే ఇద్దరున్నారనుకోండి. ఒకరి చెయ్యి మనిషి మీద, ఒకరి చెయ్యి ఫోన్ మీద. ఒక్కరే ఉంటే ముందు మనిషి, తర్వాతే ఫోన్.

చుట్టుపక్కల రాళ్ళు, పొయ్యి, మంచం కోడు లాంటివి దూరం జరపాలి. తలకింద మెత్తటిది ఏదైనా పెట్టాలి. మెడ దగ్గర బిగుతుగా ఉన్న గుడ్డలు వదులు చేయాలి. ఒక పక్కకు తిప్పి పడుకోబెడితే నోట్లో నురగ, ఎంగిలి బయటికి పోతాయి, గొంతుకు అడ్డం పడవు. కాళ్ళూ చేతులూ గట్టిగా అదిమి పట్టకూడదు. నోట్లో చెంచా, వేలు, గుడ్డ, నీళ్ళు ఏవీ పెట్టకూడదు. తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టినా, ఉల్లిగడ్డ వాసన చూపించినా ఫిట్స్ ఆగవు. చాలా ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే తగ్గుతాయి, ఆ తగ్గడం తాళంచెవుల మహిమ అనుకుంటాం. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోసారి వచ్చినా, నీళ్ళలో వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, గర్భిణికి వచ్చినా, జీవితంలో మొదటిసారి వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఫిట్స్‌ను ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే డాక్టరు రాసిచ్చి ఉంటే, ఎన్ని నిమిషాలకు, ఎన్నిసార్లు కొట్టాలన్నది ముందే నేర్చుకుని, డబ్బా మీద తెలుగులో రాసి అతికించండి.

ఇక వీడియో. గదిలో లైటు వేయండి. దుప్పటి తీసేయండి. ముఖం, రెండు చేతులు, రెండు కాళ్ళు ఒకే తెరమీద కనబడేలా కొంచెం దూరంగా నిలబడి, ఫోన్ అడ్డంగా పట్టుకోండి. ముఖం మీదికే వెళ్ళి తీస్తే చేతుల కదలిక పోతుంది. పేరు పెట్టి పిలవండి, "చెయ్యెత్తు" అనండి, పలుకుతున్నారో లేదో వీడియోలో వినబడుతుంది. కొట్టుకోవడం ఆగగానే ఆపేయకండి. తర్వాతి రెండు మూడు నిమిషాల్లో మాట తడబడుతోందా, ఏ చెయ్యి నీరసంగా ఉంది అన్నవి కూడా డాక్టరుకు పనికొస్తాయి. ఫిట్స్‌లా కనబడేవన్నీ మూర్ఛ కాదు. గుండె లయ తప్పి స్పృహ పోవడం, మనసు ఒత్తిడితో వచ్చే ఫిట్స్ కూడా చూడ్డానికి అలాగే ఉంటాయి. 2020లో జామా న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఇలాంటి ఫోన్ వీడియోలు రోగ నిర్ధారణకు బాగా సాయపడతాయని చూపించింది.

ఆ వీడియో డాక్టరుకు తప్ప ఎవరికీ పంపకండి. తీసే ముందురోజుల్లోనే, మామూలుగా ఉన్నప్పుడు, "తీయొచ్చా, ఎవరికి చూపించొచ్చు" అని ఆ మనిషిని అడిగి ఒప్పుకోలు తీసుకోండి. చుట్టాల గ్రూపుల్లో పడితే, ముఖ్యంగా పెళ్ళి కావాల్సిన ఆడపిల్లది అయితే, ఆ బాధ ఫిట్స్ కంటే ఎక్కువ కాలం ఉంటుంది. మూర్ఛను పెళ్ళికి అడ్డుగా చూపే మాటను హిందూ వివాహ చట్టంలోంచి 1999లోనే తీసేశారు. ఊరి నోటినుంచి ఇంకా పోలేదు.

6. వారం ఫోన్‌కాల్

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇది. అలారం, డైరీ, వీడియో అన్నీ ఇక్కడికి చేరి ఉపయోగపడతాయి. ఐదు ప్రశ్నలు, ఇదే వరుసలో అడగండి: మాత్రలు ఎట్లా సాగాయి? ఫిట్స్ ఏమైనా వచ్చాయా? నిద్ర ఎట్లా ఉంది? మనసు ఎట్లా ఉంది? వచ్చే వారం ఏ ఒక్కదాన్ని మెరుగు చేసుకుందాం?

అనంతపురం పక్క పల్లెలో సేద్యం చేసే తమ్ముడితో అక్క మాట్లాడుతోందనుకుందాం.

"మాత్రలు ఎట్ల సాగినాయి నాయనా?"

"రెండు దినాలు రాత్రివి తప్పినాయక్కా."

"నిజం చెప్పినావు, మంచిది. ఏ దినాలు?"

"బుధవారం, బేస్తవారం. చేనికి నీళ్ళు కట్టేదుండె. అలారం మోగె, నేను చేనికాడ ఉంటి, మాత్రలు ఇంట్లో ఉండె."

"ఇంటికొచ్చినాంక?"

"అలిసిపోయి పండుకుంటి."

"మళ్ళా నీళ్ళు కట్టే రాత్రి వస్తే ఏం చేస్తే బాగుంటాది అనుకుంటావు?"

"మాత్రలు చేనికి తీసుకపోతా."

"మర్చిపోకుండా యాడ పెట్టుకుంటావు?"

"టార్చిలైటు కాడ చిన్న డబ్బీ పెడతా. టార్చి లేకుండా రాత్రిపూట పోను కదా."

"సరే. బావికాడికి ఒంటిగా పోతున్నావా?"

"లేదక్కా, మామ ఉంటాడు."

అక్క ఇక్కడ ఒక్క సలహా కూడా ఇవ్వలేదన్నది గమనించండి. "ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?" అని అడిగి ఉంటే వచ్చే ఆదివారం తమ్ముడు "అన్నీ వేసుకున్నా" అని అబద్ధం చెప్పేవాడు, ఆ అబద్ధం మీద డాక్టరు మోతాదు పెంచేవారు. నిజం చెప్పినందుకు మెచ్చుకుంది, ఏ రాత్రి ఎందుకు తప్పిందో అడిగింది, దారి అతని నోటితోనే చెప్పించింది. టార్చి దగ్గర డబ్బీ అన్న ఆలోచన అక్కకు రాదు. అది ఆ చేను తెలిసిన మనిషికే వస్తుంది. ఒక వారానికి ఒకే మార్పు చాలు. రెండు మూడు పెడితే ఒక్కటీ నిలవదు.

నాలుగో ప్రశ్న, మనసు గురించినది, దాటవేయకండి. మూర్ఛ ఉన్నవారిలో దిగులు, భయం ఎక్కువగా కనబడతాయి. కొన్ని మందులు కూడా దాన్ని పెంచుతాయి. "ఊరికే అలసటగా ఉంది", "ఎవరితో మాట్లాడబుద్ధి కావడం లేదు" అనే మాటలు రెండు మూడు వారాలు వరుసగా వస్తే డాక్టరుకు చెప్పండి. చనిపోవాలన్న మాట వస్తే ఆదివారం దాకా ఆగొద్దు. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళలో అయినా.

7. డైరీలోంచి కారణాలు వెతకండి

రెండు మూడు నెలల రాతలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే కొన్ని సంగతులు బయటపడతాయి. జాతర రాత్రి జాగారం, పెళ్ళిలో తాగిన మద్యం, జ్వరం, నెలసరి ముందురోజులు, ఇలా ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. ఆడవాళ్ళు నెలసరి తేదీలు కూడా అదే గ్రూపులో పెడితే మంచిది, లేదంటే విడిగా రాసుకుని డాక్టరుకు చూపించొచ్చు.

మన ప్రాంతంలో తప్పకుండా అడగాల్సిన ఇంకో ప్రశ్న: తలస్నానం చేసేటప్పుడు వచ్చాయా? బాగా వేడిగా ఉన్న నీళ్ళు తలమీద చెంబుతో గబగబా పోసుకున్నప్పుడు కొందరికి ఫిట్స్ వస్తాయి. దీన్ని హాట్ వాటర్ ఎపిలెప్సీ అంటారు. దక్షిణ భారతంలో, ముఖ్యంగా పక్కనున్న కర్ణాటకలో ఇది ఎక్కువగా కనబడింది. బెంగళూరు నిమ్హాన్స్ డాక్టర్లు దీనిమీద చాలా పని చేశారు. పండుగ పూట తలంటు పోసుకునేటప్పుడు వస్తే ఇంట్లో గాలి, ధూళి అనుకుంటారు. డైరీలో "తలస్నానం" అన్న మాట రెండుసార్లు కనబడితే డాక్టరుకు ప్రత్యేకంగా చెప్పండి. అప్పటిదాకా గోరువెచ్చని నీళ్ళు, మెల్లగా పోసుకోవడం, తలుపు గడియ పెట్టకపోవడం పాటించండి.

కడపలో, కర్నూలులో రోజా ఉండే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఉపవాసం ఉండొచ్చా, మాత్రలను సహరీ, ఇఫ్తార్ వేళలకు ఎలా సర్దాలి అన్నది రంజాన్‌కు నెల ముందే డాక్టరును అడగండి. మీ అంతట మీరు పూట మార్చకండి. పెద్ద దర్గాకు వెళ్ళండి, మంత్రాలయం వెళ్ళండి, మొక్కు తీర్చుకోండి. మాత్రల డబ్బా మాత్రం సంచిలో ఉండాలి, రాత్రి నిద్ర చేసే చోట అలారం మోగాలి.

చెరువు, బావి, మిద్దె అంచు, కట్టెల పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండకపోవడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బండి మాత్రం చెప్పాలి. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులో మూర్ఛ ఉందా అని సూటిగా అడుగుతారు. దాచి తీసుకున్న లైసెన్సు వల్ల ప్రాణం పోయేది మీ ఒక్కరిదే కాకపోవచ్చు.

8. వాచీల గురించి

చేతికి కట్టుకుంటే ఫిట్స్‌ను గుర్తుపట్టి ఇంట్లోవాళ్ళకు కబురు పంపే వాచీలు వచ్చాయి. ఎంపాటికా కంపెనీ చేసిన ఎంబ్రేస్ వాచీకి 2018లో అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఇలాంటివి ఒళ్ళంతా కొట్టుకునే ఫిట్స్‌నే బాగా పట్టుకుంటాయి, శూన్యంలోకి చూసి ఉండిపోయే రకాన్ని పట్టుకోలేవు. ఖరీదు కూడా ఎక్కువ. ఉన్న డబ్బు ముందు మూడు నెలల మాత్రలకు పెట్టండి. నిద్రలో పెద్ద ఫిట్స్ తరచూ వచ్చేవారికి అరుదుగానైనా ప్రాణాపాయం ఉంటుంది కాబట్టి, అదే గదిలో ఇంకొకరు పడుకోవడం ఏ వాచీకీ తీసిపోదు. ఒంటరిగా సంతకో పొలానికో వెళ్ళేటప్పుడు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఎనిమిది గంటలకు పెట్టి తోడు మనిషికి పంపితే పైసా ఖర్చు లేదు.

9. డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందురోజు

తోడు మనిషి ఒకే ఒక్క కాగితం తయారుచేయాలి. పైన మందుల పేర్లు, మోతాదులు. కింద తేదీలవారీగా ఫిట్స్, ఒక్కోదానికి ఒక్క వరుస. తర్వాత తప్పిన మాత్రలు ఎన్ని, ఎందుకు. మందుతో వచ్చిన ఇబ్బందులు. చివర మీరు అడగాల్సిన రెండు ప్రశ్నలు. వాట్సాప్‌లో యాభై మెసేజ్‌లు డాక్టరు ముందు వెతుక్కుంటూ కూర్చుంటే ఉన్న ఐదు నిమిషాలూ అక్కడే అయిపోతాయి. వీడియో ఒక్కటి, బాగా వచ్చినది, ముందే తెరిచి సిద్ధంగా ఉంచండి.

పెళ్ళికావాల్సిన, పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళ కాగితంలో ఒక ప్రశ్న తప్పక ఉండాలి: "గర్భం వస్తే ఈ మందు బిడ్డకు ప్రమాదమా?" వాల్‌ప్రోయేట్ వాడుతుంటే ఇది మరీ ముఖ్యం, బిడ్డలో లోపాలు వచ్చే అవకాశం దానితో ఎక్కువ. గర్భం వచ్చాక భయపడి మందు ఒక్కసారిగా ఆపేస్తే తల్లికీ బిడ్డకూ ఇంకా ప్రమాదం. గర్భం అనుకోకముందే అడిగితే డాక్టరు మందు మార్చగలరు, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టగలరు.

ప్రతిసారీ అనంతపురం నుంచి బెంగళూరుకో, కడప నుంచి తిరుపతి స్విమ్స్‌కో పరుగెత్తాల్సిన పని లేదు. పెద్ద డాక్టరు ఒకసారి మందు ఖాయం చేశాక, మధ్యలో వచ్చే చిన్న సందేహాలకు ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవనిలో ఉచితంగా డాక్టరుతో వీడియోలో మాట్లాడొచ్చు. ఊళ్ళో విలేజ్ క్లినిక్ ఉంటే అక్కడి సిబ్బంది సాయం చేస్తారు. ఆ కాల్‌లో కూడా ఈ కాగితమే పనికొస్తుంది.

10. ఫిట్స్ ఆగిపోయాక

నాలుగైదు నెలలు ఏమీ రాకపోతే ఫోన్‌కాల్ వారానికోసారి నుంచి పదిహేను రోజులకోసారికి మార్చుకోండి. అలారాలు మాత్రం తీయకండి. ఫిట్స్ రావడం లేదంటే మందు పనిచేస్తోందని అర్థం. "తగ్గిపోయింది కదా" అని మానేసేది చాలామంది ఈ దశలోనే, ఒక్కసారిగా మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. కనీసం రెండేళ్ళు ఫిట్స్ లేకుండా గడిచాక, కొందరి విషయంలో డాక్టరే మందు తగ్గించే ఆలోచన చేస్తారు. అందరికీ అది కుదరదు, కొందరు జీవితాంతం వాడాలి. తగ్గించడం మొదలైతే అది నెలల తరబడి కొంచెం కొంచెంగా సాగుతుంది. ఆ నెలల్లో ఫోన్‌కాల్ మళ్ళీ ప్రతి ఆదివారానికి రావాలి, డైరీ మళ్ళీ మొదటి వారంలో రాసినంత శ్రద్ధగా రాయాలి.